ఫస్ట్ షో, రాత్రి మ్యాచ్, పొద్దున్నే టర్ఫ్

శనివారం సాయంత్రం సినిమా, రాత్రికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్, ఆదివారం పొద్దున్న ఆరింటికి టర్ఫ్ మీద, అంటే గంటల లెక్కన అద్దెకిచ్చే ప్లాస్టిక్ గడ్డి మైదానం మీద ఆట. గచ్చిబౌలి, కూకట్‌పల్లి, అమీర్‌పేట పీజీల్లో ఉండే ఫుట్‌బాల్ పిచ్చోళ్ల వారాంతం అచ్చంగా ఇదే. మూడూ కావాలని బయల్దేరతారు. సినిమా చూస్తారు, మ్యాచ్ సెకండ్ హాఫ్‌లో కునికిపాట్లు పడతారు, టర్ఫ్‌కి ఆరూ ఇరవైకి ఒంటికాలి సాక్స్‌తో వస్తారు. బద్ధకమని తిట్టుకుంటారు గానీ తప్పంతా లెక్కలోనే ఉంటుంది. సినిమా టికెట్ దగ్గర మొదలుపెట్టి ముందుకు లెక్కేస్తారు. వెనక నుంచి లెక్కేస్తే సుఖం. ఆరింటికి ఆట అంటే ఐదుంబావుకి లేవాలి. కనీసం ఐదు గంటలు నిద్రపోవాలంటే పన్నెండుంబావుకల్లా పక్క ఎక్కాలి. ఆ గీత దాటి ముగిసే మ్యాచ్‌ని లైవ్‌లోనే చూస్తానంటే టర్ఫ్ స్లాట్ ఏడున్నరకో ఎనిమిదికో జరపాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది గంటల టర్ఫ్ అంటే పెనం మీద పరుగే, దాని సంగతి కిందికి వస్తా.

ముందు గడియారం. ఇంగ్లండులోనూ మిగతా యూరప్‌లోనూ మార్చి ఆఖరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం. అందుకే లండన్‌కీ మనకీ తేడా వాళ్ల వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. ఆగస్టులో సీజన్ మొదలైనప్పుడు అలవాటైన వేళలు అక్టోబరు చివర ఒక్క రాత్రిలో గంట జరిగిపోతాయి. సాధారణంగా శనివారం అక్కడ మధ్యాహ్నం 12:30కి ఆడే మ్యాచ్ మనకు సాయంత్రం 5కి వస్తుంది, చలికాలంలో 6కి. అక్కడి 3 గంటల మ్యాచ్‌లు రాత్రి 7:30కి, చలికాలంలో 8:30కి. అక్కడి 5:30 మ్యాచ్ రాత్రి 10కి, చలికాలంలో 11కి. ఆదివారం 4:30 మ్యాచ్ 9కో 10కో పడుతుంది, సోమవారం ఆఫీసు ఉన్నవాడికి అది కాస్త దయగల వేళే.

ఇందులో మనకొక వింత అదృష్టం ఉంది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ లైవ్ ప్రసారం చేయరు. టీవీలో చూపిస్తే జనం స్టేడియానికి రారని, చిన్న క్లబ్బుల టికెట్లు అమ్ముడుపోవని దశాబ్దాల కిందట పెట్టుకున్న కట్టుబాటు అది. కాబట్టి మాంచెస్టర్‌లో ఉన్నవాడు ఇంట్లో కూర్చుని చూడలేని మూడు గంటల మ్యాచ్‌ని కూకట్‌పల్లిలో ఉన్నవాడు చపాతీ తింటూ చూడొచ్చు. పొద్దున్నే టర్ఫ్ ఉన్నవాడు ఎంచుకోవాల్సిన మ్యాచ్ కూడా అదే. మ్యాచ్ అంటే సగానికి 45 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాల విరామం, ఆపైన రెండు సగాలకూ కలిపి ఇంజురీ టైమ్, అంటే ఆట ఆగినందుకు చివర్లో కలిపే నిమిషాలు. 2022 ఖతార్ ప్రపంచ కప్ నుంచి ఈ చివరిది పెరిగింది. ఆ టోర్నీలో ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్‌కి రెండు సగాలూ కలిపి 27 నిమిషాలు అదనంగా ఆడించారు. మామూలు రోజుల్లో గంటా యాభై ఐదు నిమిషాలు వేసుకుంటే సరిపోతుంది. 8:30ది పదిన్నరలోపు ముగుస్తుంది. 10 గంటలది పన్నెండుకి ముగుస్తుంది, గీతకి లోపలే. 11 గంటలది ఒంటిగంటకి, అంటే చలికాలంలో శనివారం చివరి మ్యాచ్‌కీ ఆరింటి టర్ఫ్‌కీ చుక్కెదురు.

యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ వారం మధ్యలో ఉంటుంది గనక టర్ఫ్‌తో గొడవ లేదు, మేనేజర్‌తో ఉంటుంది. వేసవి వేళల్లో అర్ధరాత్రి దాటి 12:30కి, చలికాలంలో 1:30కి మొదలు. ముందు మ్యాచ్‌లు 10:15కో 11:15కో ఉంటాయి. నాకౌట్‌లో రెండో లెగ్ (అవే రెండు జట్లు ఆడే రెండో మ్యాచ్) అయితే ఎక్స్‌ట్రా టైమ్ 30 నిమిషాలు, పెనాల్టీలు కూడా లెక్కలో పెట్టుకోండి. 1:30కి మొదలైనది అలా సాగితే తెల్లవారుజామున నాలుగుంబావు. ఆ మర్నాడు పదింటి మీటింగ్‌లో కెమెరా ఆన్ చేయమంటారు, రాసి పెట్టుకోండి. ఫైనల్ మాత్రం 2026 నుంచి అక్కడ సాయంత్రం ఆరింటికే పెట్టారు, మనకు రాత్రి 9:30. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ మనకోసం చేసిందేం కాదు గానీ మన నిద్రకి మేలైంది.

ఇక సినిమా. టికెట్ మీద వేసే వేళకీ బొమ్మ పడే వేళకీ మల్టీప్లెక్స్‌లో పది, పదిహేను నిమిషాల తేడా ఉంటుంది. ప్రకటనలు, పొగాకు హెచ్చరిక, రాబోయే సినిమాల ట్రైలర్లు, అన్నీ అయ్యాక పేర్లు. ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు. మొత్తం ముప్పై నిమిషాలు సినిమా నిడివికి కలుపుకోండి. రెండు గంటల నలభై ఐదు నిమిషాల సినిమా ఫస్ట్ షోకి 6:30కి వెళితే 9:45కి వదులుతారు. మాల్ పార్కింగ్ నుంచి బండి బయటికి రావడానికి పదిహేను నిమిషాలు, అందరూ ఒకేసారి రాంప్ ఎక్కుతారు కదా. ఇల్లు దగ్గరైనా పదింబావు. అంటే వేసవి వేళల్లో 10 గంటల మ్యాచ్‌లో మొదటి పావుగంట పోయినట్టే, చలికాలంలో 11 గంటలది హాయిగా దొరుకుతుంది గానీ అది చూస్తే నిద్ర చాలదు. మూడు గంటలు దాటే సినిమాలతో ఇంకా కష్టం. ఆర్ఆర్ఆర్ 182 నిమిషాలు, పుష్ప 2 విడుదలైనప్పుడు 200 నిమిషాలు. 200కి 30 కలిపితే 6:30 షో 10:20కి వదులుతుంది. ఇలాంటి వాటికి మ్యాట్నీ ఒక్కటే దారి. 2:30కి కూర్చుంటే ఆరున్నరలోపు బయటపడతారు, టిఫిన్ చేసి 7:30 మ్యాచ్‌కి ఇంట్లో ఉంటారు. ఎండలో పడి మ్యాట్నీ ఏంటని మొహం చిట్లించేవాళ్లకి చెప్పేదొకటే, బయట ఎండగా ఉన్నప్పుడే ఏసీ హాలుకి పెట్టిన డబ్బు గిట్టుబాటు.

సెకండ్ షోని ఈ లెక్కలోంచి తీసేయండి. 9:45కి మొదలై ఒంటిగంటకి వదిలే ఆట అది. రాత్రి పదకొండు దాటాక మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ వేళ క్యాబ్ చార్జీ టికెట్ ధరను దాటుతుంది. మర్నాడు టర్ఫ్ లేనప్పుడు సెకండ్ షో అంత హాయి ఇంకోటి లేదు, అది వేరే సంగతి.

ధర విషయానికొస్తే, తెలంగాణ మల్టీప్లెక్స్‌లో మామూలు రోజుల్లో కనిపించే 295 రూపాయలు 250కి 18 శాతం జీఎస్టీ కలిపిన లెక్క. పెద్ద హీరో సినిమా మొదటి రోజుల్లో ప్రత్యేక జీవోతో ఇంకా పెంచుకున్న సందర్భాలున్నాయి. నలుగురు కలిసి వెళితే ఆ తేడా టర్ఫ్ ఖర్చులోకి బాగా పనికొస్తుంది. పైగా యాప్‌లో కొంటే టికెట్‌కి ఇంత అని కన్వీనియన్స్ ఫీజు, దానిమీద మళ్లీ జీఎస్టీ. హాలు ఇంటి పక్కనే ఉంటే, రెండో వారం సినిమా అయితే, కౌంటర్‌లో కొనడమే మేలు. మొదటి రోజు అరుపులు, కాగితాలు ఎగరేయడం కావాలనుకునేవాళ్లు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్, దేవి వైపు ఎటూ వెళతారు, వాళ్లకి నా లెక్కలు పట్టవు. సీటు మాత్రం తెర నుంచి మూడింట రెండొంతుల వెనక, నడిమధ్య తీసుకోండి. చివరి వరుస గొప్పదనుకుంటారు గానీ చాలా హాళ్లలో అక్కడ వెనక గోడకున్న స్పీకరు చెవి పక్కనే మోగుతుంది.

సినిమా, ఫుట్‌బాల్ రెండూ ఇష్టమైనవాళ్లకి ఒక చిరాకు తప్పదు: తెర మీద ఫుట్‌బాల్ బాగా తీయడం చాలా అరుదు. మనవాళ్లు బంతాటతో తీసిన సినిమాల్లో జనం ఎక్కువ గుర్తుపెట్టుకున్నది సై, అదేమో రగ్బీ. తమిళ బిగిల్ తెలుగులో విజిల్ పేరుతో 2019లో వచ్చింది, మహిళల ఫుట్‌బాల్ జట్టు కథ. 2024లో హిందీలో మైదాన్ వచ్చింది, మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద. చిక్కంతా కెమెరాతో వస్తుంది. టీవీలో మ్యాచ్‌ని పక్క స్టాండు పైనుంచి, మైదానంలో మూడో వంతు కనిపించేలా చూపిస్తారు. బంతి లేని ఆటగాళ్లు ఎటు పరిగెడుతున్నారో అప్పుడే తెలుస్తుంది, ఆటంతా అక్కడే ఉంటుంది. సినిమాలో కెమెరా కాలి దగ్గరికి, మొహం దగ్గరికి వెళ్లిపోతుంది. పాస్ ఎందుకిచ్చాడో తెలియదు, ఖాళీ ఎలా పుట్టిందో తెలియదు, బంతి వలలో పడటం ఒక్కటే కనిపిస్తుంది. క్రికెట్‌కి ఈ గొడవ లేదు. బౌలర్, బ్యాటర్, ఇద్దరి మధ్య పోరు, దగ్గరగా తీసినా అర్థమవుతుంది. మైదాన్‌లో ఏషియాడ్ మ్యాచ్‌లకి ఈ విషయంలో మార్కులు వేయాలి, దూరం షాట్లు కొన్ని ఉంచారు.

ఇంట్లో మ్యాచ్ చూడటంలో జరిగే నష్టాలు రెండు: ఆలస్యం, డేటా. ప్రీమియర్ లీగ్ స్టార్ స్పోర్ట్స్‌లోనూ జియో హాట్‌స్టార్‌లోనూ, ఛాంపియన్స్ లీగ్ సోనీలోనూ వస్తాయి కాబట్టి సీజనంతా చూసేవాడికి రెండు చందాలు తప్పవు. యాప్‌లో వచ్చే బొమ్మ డీటీహెచ్ కన్నా అర నిమిషం, ఒక్కోసారి అంతకన్నా వెనక ఉంటుంది. కార్నర్ తీస్తుండగానే పక్క ఫ్లాట్ వాడు గోల్ అని అరుస్తాడు, వాట్సాప్ గ్రూపులో ఎమోజీలు పడతాయి, స్కోర్ యాప్ ఫోను టింగుమంటుంది. గ్రూపుని మ్యూట్ చేసి, స్కోర్ యాప్ నోటిఫికేషన్లు ఆపేసి కూర్చోండి. పక్కింటివాణ్ని ఆపలేం, కిటికీ వేసుకోవడమే. డేటా లెక్క తేలిక. సెకనుకి 5 మెగాబిట్ల బొమ్మ గంటకి 2.25 జీబీ తింటుంది, మ్యాచ్ మొత్తానికి నాలుగు జీబీ పైమాటే. రోజుకి రెండు జీబీ ప్యాకు హాఫ్ టైమ్‌కే చేతులెత్తేస్తుంది. నాణ్యతని 480కి దించితే గట్టెక్కుతుంది గానీ పచ్చిక మీద బంతి చుక్కలా అలుక్కుపోతుంది. అర్ధరాత్రి దాటాక వచ్చే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కి మాత్రం ఒక లాభం ఉంది, రోజువారీ కోటా అర్ధరాత్రికి కొత్తగా మొదలవుతుంది కాబట్టి నిండు ప్యాకుతో కూర్చుంటారు. ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీకి పెట్టేవాళ్లు టీవీలో ఆటో క్వాలిటీ తీసేయాలి, లేకపోతే అది పెద్ద తెర చూసి తనంతట తనే పైకి ఎక్కేసి ప్యాకు మింగేస్తుంది.

అసలు సరుకు టర్ఫ్ దగ్గరుంది. హైదరాబాదులో ఐదుగురి టర్ఫ్‌కి గంటకి సుమారు వెయ్యి నుంచి రెండు వేల దాకా అడుగుతారు. సాయంత్రాలు, వారాంతాలు ఎక్కువ, వారం మధ్య పొద్దున్నలు తక్కువ. గంట స్లాట్ తీసుకోవడం పొదుపు అనిపిస్తుంది గానీ వచ్చేవాళ్లు రావడం, జట్లు వేయడం, లేసులు కట్టుకోవడం కలిపి మొదటి పావుగంట పోతుంది, మిగిలేది 45 నిమిషాలు. గంటన్నర తీసుకుంటే ఆట నిజంగా గంటంబావు దొరుకుతుంది. గంటకి 1,500 చొప్పున గంటన్నరకి 2,250. పన్నెండుమందికి తలా 187 రూపాయల చిల్లర పడుతుంది, 200 వసూలు చేయండి. మిగిలిన 150 నీళ్ల క్యాన్‌కీ కొత్త బంతి నిధికీ.

ఆ 200 ఎప్పుడు వసూలు చేస్తారన్న దాన్నిబట్టే ఆట జరుగుతుందా లేదా అన్నది తేలుతుంది. గ్రూపులో "ఆదివారం ఎవరెవరు?" అని అడిగితే పద్నాలుగు బొటనవేళ్లు లేస్తాయి, టర్ఫ్ దగ్గరికి తొమ్మిదిమంది వస్తారు. డబ్బు పంపినవాడి పేరే జాబితాలో ఎక్కాలి, వరుస నంబరుతో. శుక్రవారం రాత్రి పదికి జాబితా మూయాలి. పన్నెండో పేరు తర్వాత వచ్చినవి వెయిటింగ్. శనివారం రానన్నవాడికి డబ్బు వాపసు లేదు, తన బదులు ఇంకొకణ్ని తెచ్చుకుంటే వాళ్లిద్దరూ చూసుకుంటారు. కఠినంగా వినిపిస్తుంది. రెండు వారాలు గట్టిగా నిలబడితే మూడో వారం అలారం లేకుండా లేస్తారు. డబ్బు పట్టేవాడు ఒక్కడే ఉండాలి, వాడు మొహమాటస్థుడు కాకూడదు.

జట్లు వేయడంలో గొడవ ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు ఎంచుకోవడంతో వస్తుంది. మొదట ఎంచుకున్నవాడికి ప్రతి రౌండులోనూ మంచివాడే దొరుకుతాడు. మొదటివాడు ఒకణ్ని, రెండోవాడు ఇద్దర్ని, మళ్లీ మొదటివాడు ఇద్దర్ని, అలా చివరికి ఒకరు మిగిలేదాకా ఎంచుకుంటే జట్లు సమంగా వస్తాయి. పదిహేనుమంది వస్తే మూడు జట్లు చేయండి. ఏడు నిమిషాలు లేదా రెండు గోల్స్, ఏది ముందైతే అది. ఓడినవాళ్లు బయటికి. సమం అయితే ఎక్కువసేపటి నుంచి ఆడుతున్న జట్టు బయటికి, ఈ ఒక్క నియమం ముందే చెప్పకపోతే ప్రతి ఆదివారం పది నిమిషాలు వాదనకి పోతాయి. గోల్ కీపర్‌గా ఎవడూ నిలబడడు కాబట్టి గోల్ తింటే మారాలి, తినకపోయినా ఐదు నిమిషాలకి మారాలి. ఆఫ్‌సైడ్ లేదు, స్లైడింగ్ ట్యాకిల్ (నేల మీద జారుతూ బంతి లాక్కోవడం) లేదు, బయటికి పోయిన బంతి కాలితోనే లోపలికి. పై వలకి తగిలిన బంతి సంగతి కూడా ముందే తేల్చుకోండి, అవతలి జట్టుకి ఇచ్చేయడం మంచిది, లేదంటే ఎత్తుగా కొట్టడం అలవాటవుతుంది.

షూస్ దగ్గర జనం డబ్బు తప్పుగా పెడతారు. పెట్టె మీద ఎఫ్‌జీ అని ఉంటే అది నిజం గడ్డికి, అడుగున పొడుగు బొడిపెలతో (స్టడ్స్) వస్తుంది. టీవీలో ఆటగాళ్లు వేసుకునేవి అవే కాబట్టి అవే కొంటారు. సిటీలో టర్ఫ్ పొట్టి ప్లాస్టిక్ గడ్డి, కింద గట్టి నేల. ఆ స్టడ్స్ గడ్డిలో ఇరుక్కుంటాయి, ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలి మోకాలి మీద పడుతుంది, లిగమెంట్ తెగేది ఇలాగే. చాలా టర్ఫ్‌లు వాటిని లోపలికే రానివ్వవు. కావాల్సింది టీఎఫ్, అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు దట్టంగా ఉంటాయి. ప్లాస్టిక్ గడ్డికే చేసిన ఏజీ కూడా నడుస్తుంది. ఐసీ అన్నవి చదును అడుగువి, ఇండోర్ కోర్టుకి బాగుంటాయి గానీ పొద్దున్న మంచు పడిన టర్ఫ్ మీద జారతాయి. రన్నింగ్ షూస్‌తో ఆడేవాళ్ల సంఖ్య తక్కువేం కాదు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పరుగులో ఒక్కసారిగా పక్కకి తిరిగినప్పుడు చీలమండ ఒరిగిపోయేది అందుకే. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లి, ఆడేటప్పుడు వేసుకునే సాక్స్‌తోనే కొలత చూసుకోండి. పగలంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది.

బంతి 5 నంబరు. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ అని ఆట నియమాల్లో ఉంది. చిన్న టర్ఫ్ మీద ఆ కింది అంకె దగ్గరే ఉంచండి, 9 దాటితే బంతి కుందేలై వల మీదికి ఎగురుతుంది. ఫుట్‌సాల్ బంతి వేరే, 4 నంబరు, తక్కువ ఎగిరేలా చేస్తారు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 50 నుంచి 65 సెంటీమీటర్లే లేవాలి. కాళ్ల దగ్గర ఆట నేర్చుకోవాలంటే అదే కొనండి. గాలి కొట్టేటప్పుడు సూదిని తడి చేయకుండా గుచ్చితే వాల్వ్ రబ్బరు లోపలికి జారి బంతి పనికిరాకుండా పోతుంది. ఒక చుక్క గ్లిజరిన్, లేదంటే ఉమ్మి చాలు. పెట్రోల్ బంకులో కొట్టించకండి. కారు టైరుకి ముప్పై పీఎస్ఐ పైన కొట్టే యంత్రం అది, రెండు సెకన్లలో బంతి కోడిగుడ్డవుతుంది.

వేడి సంగతి. ప్లాస్టిక్ గడ్డి, అందులో చల్లే నల్ల రబ్బరు గుండ్లు గాలి కన్నా బాగా ఎక్కువ వేడెక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే అరికాలికి తెలుస్తుంది. ఆ రెండు నెలలు ఆరింటి స్లాటో, లేకపోతే రాత్రి ఎనిమిది తర్వాతో. వానాకాలంలో టర్ఫ్ నీళ్లు తొందరగానే దిగిపోతాయి గానీ బంతి జారుడు పెరుగుతుంది, పాస్ కొంచెం మెల్లగా ఇవ్వాలి.

ఆడేదెలాగన్నదానికి ఈ ఊళ్లోనే పాత గురువు ఉన్నాడు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత జట్టుకి కోచ్‌గా పనిచేసిన రహీం బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. ఆయన చేతికింద భారత్ 1951, 1962 ఏషియాడ్‌లలో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956, 1962 జట్లలో ఆడాడు. రహీం ఇక్కడ కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ లేని పోటీలు, చేతకాని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడు. టర్ఫ్ మీద ఇవి రెండూ అచ్చంగా పనికొస్తాయి. మొదటి పది నిమిషాలు రెండు టచ్‌లే అని నియమం పెట్టండి, ఒకటి ఆపడానికి, రెండోది ఇవ్వడానికి. మూడో టచ్ అయితే బంతి అవతలి జట్టుకి. ఒంటరిగా నలుగుర్ని దాటాలని చూసే మహానుభావుడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు, వాడు బంతి రాకముందే తలెత్తి చూడటం ఈ పది నిమిషాల్లోనే నేర్చుకుంటాడు. తర్వాత ఐదు నిమిషాలు ఎడమ కాలి గోల్‌కి రెండు పాయింట్లు. నవ్వులాటగా ఉంటుంది, ఒంట్లో వేడి కూడా పుడుతుంది, వేరే వార్మప్ చేయించాల్సిన పని సగం తగ్గుతుంది. మిగతా సగానికి మెల్లగా జాగింగ్, తొడ బయటికీ లోపలికీ తిప్పడం, ఒంటికాలి మీద నిలబడటం, పది గుంజీళ్లు. కూర్చుని కాళ్లు సాగదీయడం ఆట తర్వాతకి ఉంచండి.

తిండి. రాత్రి పన్నెండుకి మ్యాచ్ చూస్తూ బిర్యానీ తిని ఆరింటికి పరిగెడితే అది అక్కడే ఉంటుంది, పక్కల్లో పోటు పుడుతుంది. రాత్రి తొమ్మిదికల్లా తినేయండి, పొద్దున్న ఒక అరటిపండు, గ్లాసు నీళ్లు చాలు. ఇడ్లీ, దోసె ఆట తర్వాత. చెమట బాగా పోయే రోజుల్లో ఓఆర్ఎస్ మంచిదే గానీ పెద్ద ప్యాకెట్టుని లీటరు నీళ్లలో కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం పోసి తాగితే కడుపులో తిప్పుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పాత సరుకు కనిపిస్తే డబ్బా వెనక చక్కెర ఎంతో చదవండి.

చీలమండ మడత పడితే మొదట అందరూ చేసేది నూనె పెట్టి రుద్దడం. వద్దు. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మర్దనా రెండూ వాపుని పెంచుతాయి. గుడ్డలో చుట్టిన మంచు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, క్రేప్ బ్యాండేజి, దిండు మీద కాలు. సొంతంగా నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా చీలమండకి అటూ ఇటూ ఉన్న ఎముక వెనక అంచు మీద నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, ఆదివారమని ఆగకుండా ఎక్స్‌రే తీయించుకోండి. పడి మోకాలు గీసుకుపోతే పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, లోపల నల్ల గుండు ఒక్కటి కూడా లేకుండా చూసుకోవాలి. మండుతుంది, కడగాలి. ఉన్నచోటే పౌడరు చల్లి వదిలేస్తే మూడో రోజుకి చీము పడుతుంది. మోకాలిని కూడా కప్పే పొడుగు సాక్స్ వేసుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

ఇంటికొచ్చాక షూస్‌ని ఎండలో పెట్టకండి, అడుగు అతికించిన జిగురు వదులుతుంది. లోపల పాత పేపరు కుక్కి నీడలో ఉంచితే సాయంత్రానికి ఆరతాయి. వాటిని, సాక్స్‌ని టర్ఫ్ గేటు దగ్గరే బాగా దులుపుకుని రావాలి. ఆ నల్ల గుండ్లు బాత్రూమ్ జాలీలో పడితే నీళ్లు నిలిచిపోతాయి, పీజీ ఆంటీ వచ్చే ఆదివారం టర్ఫ్ పేరెత్తనివ్వదు.